బైపీసీ చదివి ఆర్ట్స్ కాలేజీకా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది విజయనగరం. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ బైపీసీ. అమెరికాలో మౌంట్ హోల్యోక్ అనే కాలేజీకి అప్లై చేస్తానంటోంది. లిబరల్ ఆర్ట్స్ అట, పైగా ఆడపిల్లలకే అట. "బైపీసీ చదివించి ఆర్ట్స్‌లో వేస్తావా, దానికి అమెరికా దాకా ఎందుకు?" అని మా ఆడపడుచు దగ్గర్నుంచి అందరూ అంటున్నారు. నాకు ఒకటే టెన్షన్. అసలు ఆ కాలేజీ ఎలాంటిది?
- ఒక తల్లి

జవాబు: మీ అమ్మాయి ఎంచుకున్నది సామాన్యమైన కాలేజీ కాదమ్మా. మసాచుసెట్స్ రాష్ట్రంలో సౌత్ హ్యాడ్లీ అనే చిన్న ఊళ్లో 1837 నవంబరు 8న, ఇంకా కట్టడం పూర్తికాని భవనంలో 80 మంది అమ్మాయిలతో మొదలైంది. మన విజయనగరం ఎమ్మార్ (మహారాజా) కాలేజీకి 1879లో కాలేజీ హోదా వచ్చిందంటే వెనకాల పూసపాటి రాజులున్నారు. దీన్ని పెట్టిన మేరీ లయన్‌కి ఏ రాజులూ లేరు. అయిదేళ్లకే తండ్రి పోయాడు, పదిహేడేళ్లకు వారానికి 75 సెంట్ల (ముప్పావు డాలరు) జీతానికి పంతులమ్మగా చేరింది. ఆకుపచ్చ వెల్వెట్ సంచీ ఒకటి పట్టుకుని ఊరూరా తిరిగి చందాలడిగింది, ఆడమనిషి ఇలా తిరగడమేమిటని అన్నవాళ్లున్నా ఆగలేదు. ఆరేసి సెంట్లు ఇచ్చినవాళ్లు కూడా ఉన్నారు ఆ లెక్కల్లో.

ఫీజు భోజనం, వసతితో కలిపి ఏడాదికి 60 డాలర్లే పెట్టింది. అంత తక్కువ ఎలాగంటే, పనివాళ్లు లేకుండా వంట, ఊడ్పు, బట్టలుతకడం అమ్మాయిలే వంతులేసుకుని చేసుకునేవారు. ఇది ఇంటిపని నేర్పడానికి కాదు, అది మీ ఇంట్లో అమ్మ నేర్పుతుంది, ఇక్కడ ఖర్చు తగ్గించడానికే అని ఆవిడ ఖచ్చితంగా చెప్పేది. ఆవిడ స్వయంగా కెమిస్ట్రీ పాఠాలు చెప్పేది. లెక్కలు, సైన్సు కలిపి ఏడు కోర్సులు పాసైతేగానీ సర్టిఫికెట్ ఇచ్చేవారు కాదు. అప్పట్లో ఆడపిల్లల చదువులో ఎక్కడా లేని మాట ఇది! 1888లో డిగ్రీలిచ్చే అధికారం వచ్చింది. 1896లో అసలు భవనం మొత్తం కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు.

కాబట్టి లిబరల్ ఆర్ట్స్ అంటే సైన్సు, ఆర్ట్స్ రెండూ కలిపి చదవడం, ఆర్ట్స్ అన్నారని సైన్సు ఉండదనుకోకండి. అక్కడ నాలుగేళ్లలో రెండో ఏడాది చివరికి మెయిన్ సబ్జెక్టు తేల్చుకుంటారు, ఈలోపు బయాలజీతోపాటు చరిత్ర, సాహిత్యం ఏదైనా చదవొచ్చు. ఫ్రాన్సెస్ పెర్కిన్స్ అనే అమ్మాయి అక్కడ ఫిజిక్స్ చదువుతూ ఒక ఆర్థిక చరిత్ర కోర్సు కూడా తీసుకుంది, ఆ టీచరు పిల్లల్ని దగ్గర్లోని మిల్లులకు పంపి కూలీల బతుకు ఎలా ఉందో చూసి రమ్మనేది. మన నెల్లిమర్ల జూట్ మిల్లుకు పంపినట్టన్నమాట. ఆ చూసిందే ఆవిడ దారి మార్చింది. 1902లో డిగ్రీ తీసుకుని, 1933లో అమెరికా కార్మిక మంత్రి అయింది. ఆ దేశ కేబినెట్‌లో తొలి మహిళ ఆవిడే.

మీ ఆడపడుచుగారికి ఇంకొకటి చెప్పండి. బిడ్డ పుట్టిన ఒక నిమిషానికి, మళ్లీ అయిదో నిమిషంలో ఒంటి రంగు, గుండె వేగం, కదిలిస్తే స్పందన, కండరాల బిగువు, ఊపిరి చూసి పదికి మార్కులేస్తారు కదా, ఆ ఆప్గార్ స్కోరు కనిపెట్టిన డాక్టర్ వర్జీనియా ఆప్గార్ 1929లో ఈ కాలేజీలోనే జువాలజీలో డిగ్రీ చేసింది. ఇవాళ ప్రపంచమంతా ప్రసూతి ఆసుపత్రుల్లో వాడుతున్నారు దాన్ని. బైపీసీ వృథా అవుతుందన్న భయం ఇక అక్కర్లేదనుకుంటాను.

ఆడపిల్లలకే ఎందుకంటారా, చాలా కాలేజీలు అబ్బాయిలనీ చేర్చుకుంటున్న రోజుల్లో, 1971లో, వీళ్లు కావాలనే మహిళా కాలేజీగా ఉండిపోయారు. క్లాసులో మొదట చెయ్యెత్తేదీ, ల్యాబ్ నడిపేదీ, సంఘం పెట్టేదీ దాదాపు అందరూ అమ్మాయిలే, నాకైతే అది చాలా పెద్ద లాభం అనిపిస్తుంది.

మీరు అసలు ఆలోచించాల్సింది డబ్బు గురించి. ఆ 60 డాలర్ల రోజులు పోయాయి, ఇప్పుడు ఫీజులు చాలా ఎక్కువ. విదేశీ విద్యార్థులకూ ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం ఇస్తారు, అది దరఖాస్తు పెట్టేటప్పుడే అడగాలి, తర్వాత చూద్దాంలే అనుకోవద్దు. కన్సల్టెన్సీకి డబ్బు కట్టేముందు అమ్మాయినే కాలేజీ అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ పెట్టమనండి, జవాబు చూశాక ఇంట్లో కూర్చుని లెక్కలేసుకోండి.