డివిజన్‌లో పోటీ చేయాలనుకుంటున్న మా అమ్మడికి

అమ్మడూ,

నువ్వు కార్పొరేటర్‌గా నిలబడదామనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది. విజయనగరం ఇంకా మునిసిపాలిటీగా ఉన్న రోజుల్లో నేను కౌన్సిలర్‌గా చేశాను కాబట్టి నన్ను అడగాలనుకుంటున్నావట. ఇవి ఫోనులో చెప్పుకుంటే తెమిలే సంగతులు కావు. తీరిగ్గా చదువుకో. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు, ఆయన వినాల్సినవి ఇందులో కొన్ని ఉన్నాయి.

అన్నిటికన్నా ముందు ఒకటి చెబుతాను. ఏ గడప దగ్గరైనా సరే, మాట ఇచ్చే ముందు ఆ పని ఎవరి చేతిలో ఉందో తెలుసుకుని ఉండు. మీలాంటి ఊరి చివరి కాలనీల్లో జనం విసిగిపోయి ఉన్నారు. పని కాలేదన్న కోపం కన్నా, చేస్తామని చెప్పి మొహం చాటేశారన్న కోపమే వాళ్ళలో ఎక్కువ. "ఓట్లప్పుడు వస్తారు, గెలిచినాక ఇటేపు వస్తావేటమ్మా?" అని నిన్ను మొహం మీదే అడుగుతారు. ఆ ప్రశ్నకి నీ దగ్గర నిజమైన జవాబు ఉండాలి.

ప్రచారం మొదలుపెట్టిన మొదటి రోజునే చూస్తావు, గుమ్మంలో నిలబడగానే అడిగేవి పింఛను, ఇంటి స్థలం, రేషన్ కార్డు. ఈ మూడూ రాష్ట్ర ప్రభుత్వానివి. అర్హతలు అమరావతిలో నిర్ణయిస్తారు, దరఖాస్తు వార్డు సచివాలయంలో తీసుకుంటారు. మంజూరు చేసే అధికారం కార్పొరేటర్‌కి లేదు. అయినా ప్రతి అభ్యర్థీ ఇప్పిస్తానంటాడు. నువ్వు అలా అనకు. "అమ్మా, పింఛను ఇవ్వడం నా చేతిలో లేదు. మీ దరఖాస్తు ఎక్కడ ఆగిందో కనుక్కుని వచ్చి చెబుతాను" అను. అని ఊరుకోకుండా సచివాలయానికి వెళ్ళి కనుక్కో, మళ్ళీ ఆ ఇంటికి వెళ్ళి చెప్పు. ఆధార్‌లో వయసు తప్పు పడిందో, ఇంటి కరెంటు యూనిట్లు ఎక్కువ వచ్చాయో, ఏదో ఒక కారణం ఉంటుంది. కారణం తెలిస్తేనే సగం బాధ తీరుతుంది. ఇదంతా ఎన్నికకి ముందే, ఏ పదవీ లేకుండానే చేయొచ్చు.

మరి కార్పొరేషన్ చేతిలో ఉన్నవేమిటి? కాలువలు, చెత్త, లోపలి రోడ్లు, వీధి దీపాలు, మంచినీళ్ళు, శ్మశానం, పార్కు, ఇళ్ళ ప్లాన్లు. అక్కడ కూడా పైపైన తెలుసుకుంటే చాలదు. స్తంభం మీద దీపం వెలగకపోతే కార్పొరేషన్ పని. తీగ వేలాడుతున్నా, స్తంభం ఒరిగినా కరెంటు కంపెనీ ఈపీడీసీఎల్ వాళ్ళ పని. మీ కాలనీ ముందు నుంచి వెళ్ళే పెద్ద రోడ్డు ఆర్ అండ్ బీ, అంటే రాష్ట్ర రోడ్లు భవనాల శాఖదైతే దాని గుంతలకు కౌన్సిల్‌లో ఎంత అరిచినా నిధులు రావు, ఆ ఇంజనీరు దగ్గరికే వెళ్ళాలి. ఇవి ఒక కాగితం మీద రాసుకుని చీర కొంగున ముడివేసుకున్నట్టు దగ్గర పెట్టుకో.

నీళ్ళ సంగతి మాత్రం లోతుగా చదువు. మన ఊరికి నీళ్ళు నెల్లిమర్ల, రామతీర్థం వైపు చంపావతి నుంచి, ముషిడిపల్లి దగ్గర గోస్తనీ నుంచి వస్తాయి. అంత దూరం నుంచి వచ్చి, ట్యాంకులెక్కి, పాత వీధులన్నీ దాటి చివరికి మీ దగ్గరికి చేరేసరికి ఒత్తిడి ఉండదు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెడతారు. "ఇంటింటికీ కుళాయి" అని నువ్వు కరపత్రంలో వేసే ముందు ఇంజనీరింగ్ సెక్షన్‌కి వెళ్ళి మూడు ప్రశ్నలు అడుగు. మా కాలనీకి ఏ ట్యాంకు నుంచి వస్తోంది? పంపిణీ లైను ఎక్కడి వరకు వేశారు? ఎన్ని అంగుళాల పైపు? సన్న పైపు మీద ఇంకో వంద కనెక్షన్లు ఇస్తే ఎవరికీ నీళ్ళు రావు, తిట్లు మాత్రం నీకు వస్తాయి. పైపు ఎక్కడెక్కడ మురుగు కాలువలోంచి వెళ్తోందో కూడా నడిచి చూడు. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. నువ్వు కౌన్సిల్‌లో మొదట అడగాల్సింది ఈ పైపుల గురించే అని నా అభిప్రాయం. సీసీ రోడ్డుకి శంకుస్థాపన ఫొటోలు వస్తాయి, పైపు మార్చితే రావు. అయినా అదే అడుగు.

ఇంకో చిక్కు ఉంది మీ వైపు. అనుమతి లేని లేఅవుట్లలో స్థలాలు అమ్మేసి, కాలువ కట్టకుండానే వెళ్ళిపోయిన వాళ్ళున్నారు. ఖాళీ ప్లాట్లలో వాన నీళ్ళు నిలిచి, పిచ్చి మొక్కలు, దోమలు, పందులు. ఇంటి పన్ను కడుతున్నాం కదా, కాలువ ఎందుకు వేయరని వాళ్ళు అడిగేది న్యాయమే. కానీ ఆ రోడ్లు కాగితాల మీద కార్పొరేషన్‌కి అప్పగించారో లేదో చూడకుండా నువ్వు మాట ఇస్తే ఇరుక్కుంటావు. టౌన్ ప్లానింగ్ వాళ్ళ దగ్గర లేఅవుట్ కాగితం చూడు, ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడుగు.

ఓటర్ల జాబితా గురించి. స్థానిక సంస్థల ఎన్నికలు జరిపేది రాష్ట్ర ఎన్నికల సంఘం. జాబితా మాత్రం అసెంబ్లీ జాబితా నుంచే డివిజన్ల వారీగా విడదీస్తారు. ఆ విడదీయడంలో శివారు వీధులు పక్క డివిజన్‌లోకి జారిపోతుంటాయి. కొత్తగా ఇళ్ళు కట్టుకుని వచ్చినవాళ్ళ ఓటు ఇంకా పాత ఊళ్ళోనే ఉంటుంది, గజపతినగరంలోనో, చీపురుపల్లిలోనో. వాళ్ళ చేత ఓటు ఇక్కడికి మార్చుకునే ఫారం 8 పెట్టించు, పద్దెనిమిది నిండిన పిల్లల చేత కొత్త ఓటుకి ఫారం 6 పెట్టించు. నోటిఫికేషన్ వచ్చాక మేలుకుంటే ఏమీ కాదు. ముసాయిదా జాబితా అతికించిన రోజునే కాపీ తెచ్చుకుని ఇంటి నంబరు, ఇంటి నంబరుగా సరిచూడు. కుళాయి వదిలే వేళకి వెళ్ళు. ఆడవాళ్ళందరూ వీధిలో ఉంటారు, ఏ ఇంట్లో ఎవరు అద్దెకున్నారో, ఎవరు ఖాళీ చేశారో, ఎవరు పోయారో వాళ్ళకి తెలిసినట్టు ఏ అధికారికీ తెలియదు.

అర్హతల విషయంలో నీకు ఇబ్బంది లేదు. ఇరవై ఒక్క ఏళ్ళు నిండి, కార్పొరేషన్ పరిధిలో ఓటు ఉంటే చాలు. ముగ్గురు పిల్లలున్నారు కదా అని మీ అమ్మ టెన్షన్ పడుతోంది. ఇద్దరికి మించితే పోటీకి పనికిరారన్న నిబంధనని 2024లో అసెంబ్లీ తీసేసింది, ఇక ఆ అడ్డు లేదు. రిజర్వేషన్ మాత్రం ప్రకటన వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. మన రాష్ట్రంలో సగం సీట్లు ఆడవాళ్ళవి, అవి మారుతూ ఉంటాయి. మీ డివిజన్ జనరల్ అయినా నువ్వు నిలబడొచ్చు, ఆ మాట చాలామంది మరిచిపోతారు. వేరే వర్గానికి వెళ్తే మాత్రం ఆ సంగతి ముందే ఇంట్లో మాట్లాడుకుని ఉండాలి, అందుకే ప్రకటన రాకుండా పెద్ద ఖర్చు పెట్టవద్దు.

పార్టీయా, ఇండిపెండెంటా అని అడిగావట. మన ఊరు కార్పొరేషన్ అయ్యాక జరిగిన తొలి ఎన్నికలో, 2021 మార్చిలో, 50 డివిజన్లకు 48 ఒకే పార్టీకి వెళ్ళాయి. గాలి అలా వీస్తుంది. అందులోనూ ఒక ఇండిపెండెంటు గెలిచారని గుర్తుంచుకో. టిక్కెట్ వస్తే పార్టీ నుంచే నిలబడమంటాను, ఎందుకంటే మేయరుని ఎన్నుకునేది కౌన్సిల్ సభ్యులే, నిధులు తెచ్చుకోవాలంటే తోడు కావాలి. అయితే మేయరు ఎన్నికలో విప్‌ని, అంటే ఎవరికి ఓటేయాలో పార్టీ ఇచ్చే ఆదేశాన్ని, ధిక్కరిస్తే పదవే పోతుంది, నీ చెయ్యి నీది కాదు. అది ఒప్పుకోగలవా అని ముందే ఆలోచించుకో. టిక్కెట్ కోసం డబ్బు అడిగితే లేచి వచ్చేయి. పెట్టిన డబ్బు రాబట్టుకోవాలన్న ఆలోచన కాలువ బిల్లుల్లోనే తేలుతుంది.

నామినేషన్ పనిని ఎవరి మీదా వదిలేయకు. ఆస్తి పన్ను, నీటి పన్ను బకాయి లేకుండా కట్టేసి రసీదులు పెట్టుకో. కార్పొరేషన్ కాంట్రాక్టుల్లో నీకు వాటా ఉండకూడదు, మీ ఇంటి ఇటుకల వ్యాపారం వాళ్ళకి సరఫరా చేస్తోందేమో చూడు. నిన్ను ప్రతిపాదించేవాళ్ళు అదే డివిజన్ ఓటరై ఉండాలి. అఫిడవిట్‌లో ఆస్తులు, అప్పులు, చదువు, కేసులు అన్నీ రాయాలి. ఏ గడీ ఖాళీ వదలకు, లేకపోతే "లేదు" అని రాయి. మీ అత్తగారి పేరు మీదున్న బంగారం నీది కాదు, నీ పేరు మీదున్న గ్రూపు లోను మాత్రం నీదే. పరిశీలన రోజున నువ్వే స్వయంగా వెళ్ళి కూర్చో.

డబ్బు పంచవద్దు. పోలింగుకి ముందు రాత్రి అవతలివాళ్ళు కవర్లు పంచుతుంటే నీ మనుషులే నీ మీద ఒత్తిడి తెస్తారు, "మనమూ ఇవ్వకపోతే పోతాం" అంటారు. ఇస్తే నేరం, దానికన్నా పెద్ద నష్టం ఇంకోటుంది. ఓటు కొనుక్కున్న కార్పొరేటర్‌ని జనం ఆ తర్వాత కాలువ గురించి నిలదీయలేరు. "తీసుకున్నాం కదా" అని వాళ్ళే తలదించుకుంటారు. నిన్ను నిలదీసే హక్కు వాళ్ళకి మిగలాలి. డబ్బు పంచకుండా ఓడిపోతే ఓడిపో, నేను నీ పక్కనే ఉంటాను. ఆటోకీ, కరపత్రాలకీ, ఏజెంట్ల భోజనాలకీ పెట్టిన ప్రతి రూపాయీ ఆ రోజే పుస్తకంలో రాయి. ఫలితం వచ్చాక 45 రోజుల్లో లెక్కలు ఇవ్వాలి, గెలిచినా ఓడినా. ఓడినవాళ్ళు ఇది వదిలేసి అనర్హులవుతారు. గంటస్తంభం దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టే డబ్బుతో మీ కాలనీ అంతా రెండుసార్లు ఓటరు స్లిప్పులు పంచొచ్చు.

ఇప్పుడు అల్లుడు గారికి చెప్పేది. నాయనా, గెలిస్తే కార్పొరేటర్ మా అమ్మాయి, మీరు కారు. ఫోను ఆమె దగ్గరే ఉండాలి. కమిషనరు దగ్గరికి ఆమే వెళ్ళాలి, కాగితం మీద సంతకం చదివి ఆమే పెట్టాలి. ఆడవాళ్ళ సీట్లలో భర్తలు "కార్పొరేటర్ గారు" అనిపించుకుని తిరగడం నేను దగ్గర నుంచి చూశాను. అక్కడ ఆ ఆడవాళ్ళు ఐదేళ్ళూ కుర్చీలో మౌనంగా కూర్చుని ఇంటికి వచ్చారు. మీరు చేయగలిగిన సాయం చాలా ఉంది. పిల్లల స్కూలు, వంట, మీ అమ్మగారి మందులు మీరు చూసుకోండి. రాత్రి పదింటికి కాలువ పొంగిందని ఎవరో తలుపు కొడితే ఆమెతో పాటు టార్చిలైటు పట్టుకుని వెళ్ళండి. అలాంటి భర్త ఉంటే ఏ ఆడపిల్లయినా పనిచేయగలదు.

అమ్మడూ, కౌన్సిల్ హాలు మొదట్లో భయపెడుతుంది. అజెండా ముందే ఇస్తారు, ఇంట్లో కూర్చుని ప్రతి అంశం చదువు. ఆఖరి నిమిషంలో టేబుల్ అజెండా అని బల్ల మీద కాగితాలు పెడతారు, జాగ్రత్తగా చూడాల్సినవి అవే. అర్థం కాకపోతే వాయిదా వేయమని లేచి అడుగు. ఒప్పుకోకపోతే అసమ్మతి తెలుపుతున్నానని మినిట్స్‌లో రాయించు. అరవక్కర్లేదు. అంచనా ఎంత, టెండరు ఎవరికి వెళ్ళింది, పని ఎప్పుడు పూర్తవ్వాలి, ఈ మూడు మాటలు మెల్లగా అడిగితే చాలు, హాలు నిశ్శబ్దమవుతుంది. వార్డు సచివాలయంలో ఉండే శానిటేషన్ సెక్రటరీ, ఎమెనిటీస్ సెక్రటరీలతో మర్యాదగా ఉండు, వాళ్ళ మీద అందరూ కేకలేస్తారు. తెల్లవారుజామున కాలువ తీసే పారిశుద్ధ్య కార్మికుల్ని పేరు పెట్టి పిలువు, గ్లౌజులు, బూట్లు అందాయో లేదో కనుక్కో. వాళ్ళ జీతం ఆగితే అది కూడా నీ పనే.

ఈ పదవి అక్కర్లేదనేవాళ్ళు ఉంటారు. శ్రీకాకుళంలో 2010లో పాలకవర్గం గడువు అయిపోయాక, శివారు గ్రామాల విలీనం మీద కోర్టు గొడవలతో ఏళ్ళ తరబడి ఎన్నికే లేదు, ప్రత్యేకాధికారులే నడిపారు. అక్కడ వీధి దీపం పోతే పేరు పెట్టి అడగడానికి ఒక మనిషి లేడు. అందుకే మన డివిజన్‌కి మంచి మనిషి కావాలని నాకు ఇంత ఆరాటం. ఆ మనిషివి నువ్వు కాగలవని నమ్ముతున్నాను.

వచ్చే ఆదివారం ఓటర్ల జాబితా తీసుకుని రా. వీధుల వారీగా విడదీసుకుందాం, మంచినీటి పైపులు ఎటు వెళ్తాయో నాకు గుర్తున్నంత వరకు ఆ కాగితం మీదే గీసి ఇస్తాను. మీ తోడికోడలిని కూడా వెంటబెట్టుకుని రా. నీ నామినేషన్ తిరస్కరిస్తే నీ బదులు నిలబడేలా డమ్మీగా ఆమె చేత కూడా ఒకటి వేయించాలి, ఆ సంగతి నేను మాట్లాడతాను.

ప్రేమతో,
పెద్దమ్మ