ఒంగోలు చరిత్రతో యవనస్తులకు శ్రమ గురించి ఎలా చెప్పాలి?

మీరు అడిగింది ఇది: సంఘంలో యవనస్తుల కూడికలో నలభై నిమిషాలు మిషనరీల త్యాగం మీద మాట్లాడాలి, ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్ర తీసుకోవచ్చా, విశ్వాసం కోసం పడే శ్రమకు అర్థం ఏమని చెప్పాలి.

తప్పకుండా తీసుకోండి. కాకపోతే ఈ చరిత్ర చెప్పేవాళ్లలో ఎక్కువమంది కొండ మీద ప్రార్థనతో మొదలుపెట్టి నేరుగా 1878లో గుండ్లకమ్మ ఏటిలో వేలమందికి జరిగిన బాప్తిస్మాల దగ్గరికి దూకేస్తారు. శ్రమ ఎవరు పడ్డారు, దేనికి పడ్డారు అన్నది ఆ దూకుడులో పోతుంది. మీ ప్రశ్నకు జవాబు ఉన్నది సరిగ్గా అక్కడే.

మిషనరీల భాగం పది నిమిషాల్లో ముగించండి. అమెరికన్ బాప్టిస్టుల తరఫున శామ్యూల్ డే 1836లో విశాఖపట్నం వచ్చి, 1840కి నెల్లూరులో స్థిరపడ్డాడు. ఏళ్లు గడిచినా విశ్వాసులు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలోని ఆల్బనీలో జరిగిన సభలో ఈ మిషన్ మూసేద్దామన్న మాట గట్టిగా వచ్చింది. పటంలో ఒంటరిగా కనిపించే చుక్క కాబట్టి 'లోన్ స్టార్' అన్న పేరు అప్పుడే పడింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించినవాళ్లు ఐదుగురు. నెల్లూరు మిషనరీలు లైమన్ జ్యూయెట్ దంపతుల పేర్లు అందరూ చెబుతారు. మిగతా ముగ్గురూ ఇక్కడివాళ్లే. వాళ్లలో జూలియా, రూతు అనే ఇద్దరు స్త్రీలున్నారని కూడా చెప్పండి.

అదే మిషన్‌కు చెందిన అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరాడు. 1867 జనవరి 1న సంఘం ఏర్పడితే సభ్యులు ఎనిమిది మంది. దానికి ముందే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద తన భార్యతో కలిసి బాప్తిస్మం తీసుకుని, ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు చుట్టుపక్కల పల్లెల్లో చెప్పడం మొదలుపెట్టాడు. ఉద్యమం నడిచింది ఆయన కాళ్ల మీద. మిషనరీ బంగళా నుంచి కాదు.

ఇక్కడ ఆగి ఇరవై నిమిషాలు తీసుకోండి. సంఘంలో చేరేవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. వినడానికి బడిలో నేర్పే క్రమశిక్షణలా ఉంటాయి. ఒక్కోదాన్నీ ఆనాటి పల్లెలో పెట్టి చూపించండి.

కోతలప్పుడు ఆదివారం రానంటే రైతుకు కోపం. చచ్చిన గొడ్డు మాదిగలకు దక్కడమన్నది ఊరి ఏర్పాటులో భాగం. దాని బదులుగానే చెప్పులు, మోట తోళ్లు వాళ్లు చేసి ఇవ్వాలి. ఆ మాంసం వద్దనడమంటే ఆకలి రోజుల్లో ఉన్న ఒక్క తిండినీ వదులుకోవడం, పైగా ఊరు తమకు కేటాయించిన స్థానాన్ని కాదనడం. మూడోది ఇంకా కష్టం. జాతరలో డప్పు కొట్టాల్సింది వాళ్లే. డప్పు మోగకపోతే అమ్మవారికి కోపమొస్తుంది, కలరా వచ్చినా వానలు పోయినా ఆ నింద మాదిగపల్లె మీదే పడుతుంది. కాబట్టి కరణం, మునసబు, రైతులు ఒక్కటయ్యేవాళ్లు. పని ఆగిపోతుంది, బజారులో సరుకు ఇవ్వరు, కేసులు పెడతారు.

శ్రమకు అర్థం ఇక్కడ దొరుకుతుంది. వాళ్లు బాధను వెతుక్కోలేదు. మూడు పనులు మానేశారు, ఆ మానడానికి ధర కట్టారు. ఆ ధరతోపాటు ఊరు తమను చూసే తీరును ఒప్పుకోకుండా నిలబడే స్వేచ్ఛ కూడా వచ్చింది. యవనస్తుల చేత ఈ మూడు నియమాలనూ ఈనాటి భాషలోకి మార్పించండి: ఉద్యోగంలో ఏ పని చేయనంటారు, ఎంత పోతుంది, ఎవరి జేబు నుంచి? చివరి మాట ముఖ్యం. తండ్రి నిర్ణయానికి ధర పిల్లలు కడుతుంటే దాన్ని త్యాగం అనేముందు కాస్త ఆలోచించాలి.

ఈ చర్చలో ఒక జాగ్రత్త. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు కింద క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రాల్లో వాళ్లు వెనకబడిన తరగతుల్లోని బీసీ-సీ గ్రూపు కిందికి వస్తారు, అక్కడున్న రిజర్వేషన్ ఒక్క శాతం. మీ కూడికలో కూర్చున్న చాలామందికి ఇది ఇంటి సమస్య కావచ్చు. "ఎస్సీ సర్టిఫికెట్ వదులుకునే విశ్వాసం మీకుందా" అని వేదిక మీద నుంచి సవాలు విసరకండి. ఆ నష్టం తనకు లేని వక్త అలా అడగడం నాకు మర్యాదగా అనిపించదు.

వాక్యభాగాలు రెండు చాలు. శ్రమ ఓర్పును కలిగిస్తుందని చెప్పే రోమా 5:3-5 అందరూ వాడేదే. దాని పక్కనే 1 పేతురు 4:15-16 తప్పక పెట్టండి, ఎందుకంటే అక్కడ పేతురు శ్రమలన్నిటినీ ఒకే గాటన కట్టడు: తప్పు చేసి పడే దెబ్బ వేరు, పరుల జోలికి పోయి తెచ్చుకున్నది వేరు, క్రైస్తవుడైనందుకు వచ్చింది వేరు. ఈ తేడా చెప్పకపోతే భర్త కొడుతుంటే సిలువగా మోయమనడం, జబ్బుకు మందు మాన్పించడం లాంటివి మీ ప్రసంగం పేరు చెప్పుకుని జరుగుతాయి. కొలొస్సయి 1:24 మాత్రం ఈసారికి వదిలేయండి. క్రీస్తు శ్రమల్లో ఏదో తక్కువైందా అన్న ప్రశ్న లేస్తుంది, దాన్ని విప్పడానికే అరగంట పడుతుంది.

అర్థం దొరకని శ్రమ గురించి కూడా ఒక మాట ఉండాలి. బర్మాలో అమెరికన్ మిషనరీ అడోనిరాం జడ్సన్ 1824లో జైలుపాలై ఏడాదిన్నర దాకా అక్కడే ఉన్నాడు. 1826లో భార్య ఆన్, తర్వాతి ఏడాది పసిపాప మరియ పోయారు. ఆయన అడవిలో గుడిసె వేసుకుని, గొయ్యి తవ్వుకుని దాని అంచున కూర్చున్నాడు. దేవుణ్ణి నమ్ముతున్నాను గానీ ఆయన కనబడడం లేదని రాసుకున్నాడు. బర్మా భాషలో బైబిలు 1834లో పూర్తయింది. ఆ ఫలితం చూపించి ఈ చావులకు లెక్క సరిపోయిందని మాత్రం చెప్పకండి. జడ్సన్ దుఃఖం అంత తేలిగ్గా తీరింది కాదు. ఇంట్లో ఈమధ్యే ఎవరినో పోగొట్టుకున్నవాళ్లు వింటుంటారు.

చివరి పది నిమిషాలు ప్రశ్నలకు ఉంచండి. ఒకటి ఖాయంగా వస్తుంది: "కరువులో బియ్యం కోసం మారారు కదా?" ధాత కరువులో, అంటే 1876-78లో, క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టు తీసుకున్నాడు. కుర్రతనంలో సర్వే పని చేసినవాడు కాబట్టి కొలతలు తెలుసు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. పని చేయించి కూలి ఇచ్చాడు. సహాయం నడిచిన సుమారు పదిహేను నెలలు బాప్తిస్మాలు పూర్తిగా ఆపేశాడు. సహాయం ముగిశాకే 1878 జూలైలో, వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది బాప్తిస్మం తీసుకున్నారు.

3వ తేదీ లెక్కను కొందరు నమ్మరు. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒకసారికి ఇద్దరు చొప్పున నీళ్లలో దిగి, మధ్యాహ్నం ఆపి మళ్లీ మొదలుపెట్టి సుమారు తొమ్మిది గంటలు చేశారు. మనిషికి అర నిమిషం పడుతుంది. క్లౌ ఆ రోజు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు.

అయితే కరువు ప్రభావమే లేదని వాదించకండి. ఆకలిలో తమతో నిలబడి, కలరా వచ్చిన కూలీల శిబిరంలో తిరిగింది ఎవరో జనం చూశారు. అది కూడా ఒక కారణమే, ఒప్పుకుంటే తప్పేమీ లేదు.