తెలుగులోనూ, లాలోనూ పీహెచ్‌డీ చేసేవాళ్లు అసలు ఏం కనిపెడతారు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: మీ చెల్లెలు ఎంఏ తెలుగు పూర్తిచేసి పీహెచ్‌డీకి అప్లై చేస్తానంటోంది. ఇంట్లో మాత్రం "కెమిస్ట్రీ అయితే ఏదో ఒకటి కనిపెడతారు, లా అయితే కోర్టులో పనికొస్తుంది, కథల పుస్తకాలు చదవడానికి ఐదేళ్లు ఎందుకు?" అంటున్నారు. ఈ మూడు చోట్లా జరిగేది ఒకే రకం పరిశోధనా అని అడిగారు.

నేను పీహెచ్‌డీ చేసినవాణ్ని కాదు. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ లైబ్రరీలో, థీసిస్ సెక్షన్‌లో చాలా ఏళ్లు పనిచేశాను. సబ్మిషన్‌కి ముందు ఏ డిపార్ట్‌మెంట్ స్కాలరైనా మా టేబుల్ దగ్గరికి రావలసిందే. సాఫ్ట్ కాపీ ఇవ్వాలి, ప్లేజరిజం రిపోర్ట్ (వేరే రాతలతో ఎంత పోలిక ఉందో సాఫ్ట్‌వేర్ చూపే లెక్క) తీసుకోవాలి. డిగ్రీ వచ్చాక ఆ ఫైళ్లే దేశంలోని థీసిస్‌లను ఒకచోట ఉంచే శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఎక్కుతాయి. థీసిస్‌లు చదివే పని నాది కాకపోయినా, మధ్యాహ్నం ఖాళీ దొరికితే తిరగేసేవాణ్ని.

ముందు ఆ ప్లేజరిజం రిపోర్ట్ సంగతే చెబుతాను. ఏ సబ్జెక్టులో పని ఎలా సాగుతుందో అందులో భలే బయటపడుతుంది. యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం పోలిక 10 శాతం లోపు ఉంటే ఇబ్బంది లేదు. 10 నుంచి 40 అయితే సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కెమిస్ట్రీ వాళ్ల ఫైల్ వేయగానే పోలిక ఎక్కువని స్క్రీన్ ఎర్రబడేది. ఎక్కడి నుంచి ఎత్తారా అని చూస్తే, వాళ్లు అప్పటికే జర్నల్‌లో వేసుకున్న సొంత పేపర్లే. లా వాళ్ల ఫైల్ కూడా ఎర్రబడేది. అక్కడ కారణం సెక్షన్లు, తీర్పుల్లోని పేరాలు. చట్టాన్ని సొంత మాటల్లో తిరగరాస్తే అది చట్టమే కాకుండా పోతుంది కదా! అందుకే చట్టాల పాఠాన్ని, కొటేషన్లను లెక్కలోంచి తీసేయమని ఆ నిబంధనల్లోనే ఉంది. ఇక తెలుగు థీసిస్ వేస్తే ఒకటో రెండో శాతం వచ్చేది. తెలుగువాళ్లందరూ నిజాయితీపరులని కాదు, పోల్చి చూడటానికి ఆ సాఫ్ట్‌వేర్ దగ్గర తెలుగు పుస్తకాలు ఎన్ని ఉంటాయి గనక! ఆ భారమంతా గైడ్ మీదా, వైవాకి (నోటి పరీక్షకి) వచ్చే బయటి ఎగ్జామినర్ మీదా పడుతుంది.

ల్యాబ్ ఉందా లేదా అన్నది నన్నడిగితే పెద్ద తేడా కాదు. "ఇది నిజం" అని ఎదుటివాణ్ని ఒప్పించడానికి దేన్ని చూపించాలి అన్న దగ్గరే దారులు విడిపోతాయి.

కెమిస్ట్రీ స్కాలర్ రోజంతా పదార్థాలను వేరుచేసే గాజు కాలమ్ పెట్టుకుని, వేరైందో లేదో ప్లేట్ మీద స్పాట్ చూసుకుని, చివరికి వచ్చిన పొడిని దాని నిర్మాణం చూపే ఎన్‌ఎంఆర్ యంత్రానికి పంపిస్తాడు. థీసిస్ వెనక పదుల పేజీల నిండా ఆ యంత్రం గీసిన గ్రాఫులే (స్పెక్ట్రాలే) ఉంటాయి, ఎవరైనా అదే పద్ధతిలో చేస్తే అదే పదార్థం రావాలి కాబట్టి. అయితే సైన్సంతా ఇంతే అనుకోకండి. 2015లో జెనీవా దగ్గరి సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధనా కేంద్రం నుంచి హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి మీద ఒక పేపర్ వచ్చింది. దానికి రచయితలు 5,154 మంది. 33 పేజీల్లో 24 పేజీలు వాళ్ల పేర్లకూ, సంస్థల పేర్లకే పోయాయి. ఇంకోవైపు మన సి.ఆర్.రావు గారు ఉన్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. ఆయన 1945లో ఒక్కడిగా రాసిన పేపరే గణాంకశాస్త్రంలో, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో హద్దు చెప్పే క్రామర్-రావు సూత్రానికి పునాది. దానికి ల్యాబ్ లేదు, టెస్ట్‌ట్యూబ్ లేదు. 2023లో, 102 ఏళ్ల వయసులో అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ ప్రైజ్ ఇచ్చినప్పుడు ముందుగా చెప్పుకున్నది ఆ పేపర్ గురించే.

లా దగ్గరికొస్తే, చూపించవలసింది ప్రయోగం కాదు, వాదం. ఒక ఉదాహరణ చెబుతాను. విశాఖ మన్యంలో, బొర్రా గుహల చుట్టుపక్కల గిరిజనుల ప్రాంతంలో ప్రభుత్వం బయటివాళ్లకి గనుల లీజులు ఇచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ఏ 'వ్యక్తీ' గిరిజనేతరులకి భూమి బదిలీ చేయకూడదని మన భూబదలాయింపు నిబంధన. ప్రభుత్వం 'వ్యక్తి' అవుతుందా, కాదా? 1997లో సమత అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 'అవుతుంది' అని, ఆ లీజులు చెల్లవని చెప్పింది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు అటు, ఒకరు ఇటు. 2001లో బాల్కో అనే అల్యూమినియం కంపెనీ కేసులో అదే కోర్టు సమత తీర్పులోని మెజారిటీ అభిప్రాయం మీద అనుమానం వ్యక్తం చేసింది. ఇప్పుడు ఒక స్కాలర్ దీనిమీద పనిచేస్తే కొత్త పదార్థమేమీ తయారుకాదు. ఆ ఒక్క జడ్జి వేరుగా రాసిన అభిప్రాయం నుంచి మొదలుపెట్టి, తర్వాతి తీర్పులు సమతను ఎక్కడ పాటించాయి, ఎక్కడ పక్కనపెట్టాయి, ఆ లెక్కన రేపు ఇంకో లీజు వస్తే ఏం జరగాలి అని తేల్చాలి. కొందరు ఇంకో అడుగు వేసి ఆ ఊళ్లకే వెళ్తారు, తీర్పు తర్వాత భూమి నిజంగా ఎవరి చేతిలో ఉందో చూడటానికి. నాకైతే ఈ రెండో రకం థీసిస్‌లే ఎక్కువ నచ్చేవి.

ఇక మీ చెల్లెలి సంగతి. తెలుగులో పరిశోధన అంటే కథలు చదివి బాగున్నాయని రాయడం అనుకునేవాళ్లకి నేను చెప్పే పేరు భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారిది. రైతులు వాడే మాటల్ని ఊరూరా సేకరింపజేశారు. నాగలి భాగాలను ఎక్కడ ఏమంటారు, కొలతలకి ఏ పేర్లున్నాయి అని అడిగి రాసుకున్న ఆ పని 1962లో వ్యవసాయ వృత్తిపదకోశంగా వచ్చింది. తెలుగు మాండలికాలను పూర్వ, దక్షిణ, ఉత్తర, మధ్య మండలాలుగా విడదీసి చూడటానికి ఆధారం ఆ మాటల మూటలే. రాసుకున్నవాడు అక్కడికి నిజంగా వెళ్లాడా, ఎవర్ని అడిగాడు అన్నవే ఇక్కడ సాక్ష్యం. అందుకే జానపదం మీద చేసిన మంచి థీసిస్‌లో నేను ముందు అనుబంధం తీసేవాణ్ని. పాట పాడినవాళ్ల పేరు, వయసు, ఊరు ఉంటాయి అందులో. అవి లేకపోతే ఆ థీసిస్ మీద నమ్మకం సగం తగ్గినట్టే.

శాసనాల మీద పనిచేసేవాళ్ల తీరు మరొకటి. రాయిని శుభ్రం చేసి, తడి కాగితం పరిచి, బ్రష్‌తో కొడుతూ పోతే కాగితం అక్షరాల గుంటల్లోకి దిగుతుంది. పైన సిరా అద్దితే అక్షరాలు తెల్లగా మిగులుతాయి. కడప జిల్లాలో రేనాటి చోళులు వేయించిన కలమళ్ల శాసనం తెలుగులో రాసిన మొదటి శాసనాల్లో ఒకటని మనం చెప్పుకుంటున్నాం అంటే, దానివెనక ఉన్నది ఇలాంటి చాకిరీయే. తాళపత్రాలవాళ్లయితే ఒకే పద్యానికి నాలుగు ప్రతుల్లో నాలుగు పాఠాలుంటే ఏది అసలుదో, ఎందుకో చెప్పాలి. నిజాం కాలం చరిత్ర చేసేవాళ్ల కష్టం ఇంకా వేరు. తార్నాకలోని స్టేట్ ఆర్కైవ్స్‌లో కాగితం చేతికొచ్చినా, అది షికస్తా అనే గొలుసుకట్టు రాతలో ఉన్న పారశీకం. ముందు ఆ రాత చదవడం నేర్చుకోవడానికే ఏళ్లు పడతాయి. ఆ తార్నాక చుట్టుపక్కలే కెమిస్ట్రీ పరిశోధన చేసే ఐఐసీటీ ఉంది, ఉస్మానియా లా కాలేజీ ఉంది, ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. ఎక్కడివాళ్లు అక్కడే, క్యాంటీన్‌లో కలిసినా ఒకళ్ల పని ఇంకొకళ్లకి తెలియదు.

అలాగని మీ ఇంట్లోవాళ్ల మాట పూర్తిగా కొట్టిపారేయను. 'ఫలానా వారి నవలలు - సమగ్ర పరిశీలన' అని పేరు పెట్టి, అధ్యాయానికొక నవల కథ చెప్పేసి ముగించిన థీసిస్‌లు నా చేతిమీదుగా బోలెడు వెళ్లాయి. కానీ ఆ జబ్బు తెలుగుకి మాత్రమే లేదు. అంశం ఏదైనా మనుస్మృతి దగ్గర మొదలయ్యే లా థీసిస్‌లు, అదే రియాక్షన్‌లో ఒక గ్రూపు మార్చి మళ్లీ చేసిన కెమిస్ట్రీ థీసిస్‌లు కూడా అంతే ఉన్నాయి. వాటి వెనక స్పెక్ట్రా అతికించి ఉంటుంది కాబట్టి చూడటానికి గంభీరంగా కనిపిస్తాయి, అంతే.

డబ్బు సంగతి ఇంట్లో తప్పకుండా వస్తుంది కాబట్టి అదీ చెప్తా. నెట్ అనే జాతీయ పరీక్షలో మంచి మార్కులొస్తే ఇచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్. అది వస్తే తెలుగుకైనా, లాకైనా, కెమిస్ట్రీకైనా మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలే, ఆ తర్వాత 42,000. ఇది 2023 జనవరి నుంచి అమల్లో ఉన్న రేటు, ఇంటద్దె వేరే. తేడా ఏంటంటే సైన్స్‌లో గైడ్ ప్రాజెక్టులో ఫెలోషిప్ దొరికే అవకాశం ఎక్కువ, తెలుగులో జేఆర్ఎఫ్ రాకపోతే చేతి డబ్బుతోనే తిరగాలి. కాబట్టి మీ చెల్లెలు ముందు నెట్ మీద కూర్చోవడం మంచిది. పీహెచ్‌డీ కాలపరిమితి యూజీసీ 2022 నిబంధనల్లో కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఆడపిల్లలకి ఇంకో రెండేళ్లు సడలింపు ఉంది.

అప్లై చేసేముందు ఒక పని చేయమనండి. శోధ్‌గంగలో థీసిస్‌లు అధ్యాయాల వారీగా ఉచితంగా దొరుకుతాయి. తను చేరాలనుకుంటున్న గైడ్ దగ్గర ఇంతకుముందు చేసినవాళ్లవి రెండు మూడు తీసి, ముందుమాటలు వదిలేసి అనుబంధాలు చూడమనండి. ఆ స్కాలర్లు బయటికి వెళ్లి ఎవరితోనైనా మాట్లాడారా, ఏదైనా ప్రతిని కళ్లారా చూశారా, లేక లైబ్రరీలో కూర్చుని కథలు కుదించారా అన్నది అక్కడే తెలిసిపోతుంది. రెండో రకమే ఎక్కువగా కనిపిస్తే వేరే గైడ్‌ని వెతుక్కోవాలి, సీటు ఒక ఏడాది ఆలస్యమైనా సరే.