ఉద్యోగం మానేయాలా, కుక్కను వదిలేయాలా?

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. మావారూ నేనూ ఐటీ ఉద్యోగులం. పాప తొమ్మిదో తరగతి. నాలుగేళ్ల క్రితం గేటు దగ్గర దొరికిన వీధి కుక్కపిల్లను తెచ్చి పెంచుకున్నాం. పేరు చిట్టి. అప్పుడు ఇద్దరికీ వర్క్ ఫ్రం హోమ్. తర్వాత ఆఫీసులకు వెళ్లినా మామగారు ఇంట్లో ఉండేవారు. వేసవిలో ఏదో మాట పట్టింపు వచ్చి ఆయన రాజమండ్రిలో మా మరిది దగ్గరికి వెళ్లిపోయారు. అప్పటినుంచి మేం తలుపు వేసి లిఫ్ట్ ఎక్కేలోపే చిట్టి ఏడుపు మొదలుపెడుతోంది. గుమ్మం చెక్క కొరికేసింది, తలుపు దగ్గరే మూత్రం పోస్తోంది. కుక్క ఏడుపు అరిష్టమని పక్కింటావిడ గొడవ. అసోసియేషన్ నుంచి నోటీసు కూడా వచ్చింది. వదిలి వెళ్తున్నామని మనమీద కక్ష కట్టిందంటారు మావారు. కొట్టారు, రెండుసార్లు బాల్కనీలో పెట్టి గొళ్లెం వేశారు. షాద్‌నగర్ వైపు స్నేహితుడి ఫాంహౌస్‌లో వదిలేద్దామంటున్నారు. పాప అన్నం మానేసి ఏడుస్తోంది. నేను ఉద్యోగం మానేయాలా? వచ్చే నెలలో మా పిన్ని కూతురి పెళ్లి ఉంది, ఆ రెండు రోజులు తలుచుకుంటేనే టెన్షన్.

జవాబు: రెండూ వద్దమ్మా. మీరు ఉద్యోగం మానేస్తే చిట్టికి ఒంటరిగా ఉండటం ఎప్పటికీ అలవాటు కాదు. బ్యాంకు పనిమీద అరగంట బయటికెళ్లిన రోజున మళ్లీ ఇదే రభస. అప్పటికి జీతం కూడా ఉండదు కాబట్టి, ఆ ఉక్రోషం చిట్టి మీదో మీవారి మీదో తీరుతుంది. ఇక ఫాంహౌస్. విశాలంగా ఉంటుంది, హాయిగా తిరుగుతుందని అందరూ అనే మాటే. చిట్టి బాధ చోటు చాలక కాదు, మనిషి తోడు లేక. ముక్కూమొహం తెలియని వాచ్‌మన్ చేతిలో పెట్టి వస్తే అది చేసే మొదటి పని గేటు సందులోంచి దూరి మిమ్మల్ని వెతుక్కుంటూ రోడ్డెక్కడం. ఆ ఊరి కుక్కలు దాన్ని తమ హద్దుల్లోకి రానివ్వవు.

మీవారి మాట దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఇంట్లో గొడవంతా దానిమీదే నడుస్తోంది. కక్ష కట్టాలంటే పొద్దున జరిగింది గుర్తుపెట్టుకుని, మనుషులు వచ్చేసరికి ఏం చూస్తే వాళ్లకి మండుతుందో ముందే ఊహించి, ఆ ప్రకారం గుమ్మం కొరకాలి. అంత పథకం కుక్క వేయదు. అది చేసేది భయంతో. మనుషుల్లో గాభరా పట్టుకుంటే గుండె దడ, చెమటలు వస్తాయే, అలాంటి స్థితే. తలుపు దగ్గరే కొరకడం, అక్కడే మూత్రం పోయడం చూడండి. మీరు వెళ్లిన దారి అది. మరి మీరు రాగానే తల దించుకుని తోక ముడుచుకుంటుంది కదా, తప్పు చేశానని తెలిసే కదా అంటారేమో. 2009లో న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీకి చెందిన అలెగ్జాండ్రా హొరోవిట్జ్ ఈ ‘తప్పు చేసిన మొహం’ సంగతి తేల్చడానికే ఒక ప్రయోగం చేశారు. తినొద్దని చెప్పిన బిస్కెట్‌ను కుక్క తిన్నదా లేదా అన్నది ఆ మొహాన్ని నిర్ణయించలేదు, యజమాని తిట్టాడా లేదా అన్నదే నిర్ణయించింది. తినకపోయినా, తిన్నదనుకుని తిడితే అదే మొహం పెట్టాయి. మీవారు సాయంత్రం ఏడింటికి కొడితే, పొద్దున తొమ్మిదింటికి కొరికిన చెక్కకూ ఆ దెబ్బకూ ఉన్న సంబంధం చిట్టికి అందదు. దానికి అర్థమయ్యేది ఒక్కటే: వీళ్లు వెళ్తే భయం, తిరిగొస్తే దెబ్బలు. రేపటి ఏడుపు ఇంకాస్త పెరుగుతుంది.

బాల్కనీ మాట మళ్లీ ఎత్తొద్దు. గాభరాలో ఉన్న కుక్క గ్రిల్ సందుల్లో తల ఇరికించుకుంటుంది, పళ్లు విరగ్గొట్టుకుంటుంది, దూకడానికీ వెనకాడదు. బోనులో పెట్టి తాళం వేయమని ఎవరైనా సలహా ఇస్తే దానికీ ఇదే జవాబు.

ఈ వారం ఒక పని చేయండి. పాత ఫోన్ ఒకటి టీవీ పక్కన, తలుపు కనిపించేలా నిలబెట్టి వీడియో ఆన్ చేసి, మామూలుగా ఆఫీసుకు వెళ్తున్నట్టే బయటికెళ్లండి. కింద పార్కింగ్‌లో పావుగంట కూర్చుని వచ్చేయండి, అంతకంటే దాన్ని ఏడిపించక్కర్లేదు. ఈ రకం భయం ఉన్న కుక్కల్లో చాలావరకు తలుపు మూసిన మొదటి కొద్ది నిమిషాల్లోనే ఆ లక్షణాలు బయటపడతాయి. తలుపుకీ సోఫాకీ మధ్య తచ్చాడటం, ఎండ లేకపోయినా రొప్పడం, చొంగ కార్చడం, ఇష్టమైన చికెన్ ముక్క కాళ్ల దగ్గరున్నా వాసన కూడా చూడకపోవడం కనిపిస్తే అది భయమే. ఆ పావుగంటా హాయిగా పడుకుంటే ఇంకో రోజు ఎక్కువసేపు తీసి చూడండి. చాలాసేపు నిద్రపోయి లేచి తీరిగ్గా చెప్పు కొరుకుతుంటే అది విసుగు. లిఫ్ట్ చప్పుడుకో కొరియర్ అబ్బాయికో మాత్రమే మొరిగితే అది కాపలా. మీ ఉత్తరాన్ని బట్టి చిట్టిది మొదటి రకమే అనిపిస్తోంది గానీ, నా మాట కంటే ఆ వీడియో నమ్మండి. అది మీవారితో కలిసి చూడండి. మీరు వంద మాటలు చెప్పినా మెత్తబడని మనిషి, తన చెప్పుల వాసన చూస్తూ గుమ్మం దగ్గర వణుకుతున్న కుక్కని చూస్తే కాస్త మారతాడు.

అదే వీడియో పశువుల డాక్టర్‌కి కూడా చూపించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉంటే ఒంటరితనంతో పనిలేకుండానే ఇంట్లో మూత్రం పోస్తుంది. నొప్పి ఏదైనా ఉన్నా కుదురుగా ఉండలేదు. అవి లేవని తేలాకే శిక్షణ.

శిక్షణ వినడానికి చాలా సింపుల్‌గా, చేయడానికి చాలా బోరుగా ఉంటుంది. భయం పుట్టనంత చిన్న మోతాదులో ఒంటరితనం అలవాటు చేయడం, అంతే. చిట్టి భయం మీరు గుమ్మం దాటినప్పుడు మొదలవదు. తాళాల గుత్తి గలగలమన్నప్పుడు, మీరు బ్యాగు భుజాన వేసుకున్నప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఇంట్లో ఉన్నప్పుడే రోజులో పదిసార్లు తాళాలు చేతికి తీసుకుని సోఫాలో కూర్చోండి. బ్యాగు వేసుకుని కూరలు తరగండి. పాపకి ఈ నాటకం బాగా నచ్చుతుంది, ఆ పని దానికే అప్పజెప్పండి. తాళాల చప్పుడుకి చిట్టి తల కూడా ఎత్తని రోజున తలుపు దగ్గరికి వెళ్లండి. తలుపు తీసి, మూసి, వెనక్కి వచ్చేయండి. తర్వాత బయట అడుగుపెట్టి ఐదు సెకన్లు. ఆ తర్వాత పది, మళ్లీ మూడు, తర్వాత ఇరవై. ప్రతిసారీ పెంచుకుంటూ పోతే అది కూడా లెక్క కనిపెడుతుంది, అందుకే మధ్యలో తగ్గిస్తూ ఉండాలి. ఫోన్‌లో చూస్తూ ఉండండి. లేచి రొప్పడం మొదలుపెట్టిందంటే మీరు తొందరపడ్డారని అర్థం, మర్నాడు సగం టైమ్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ‘కాసేపు ఏడ్చి అదే ఊరుకుంటుందిలే’ అనే సలహా మాత్రం వినొద్దు. ఈ భయంలో ఊరుకోవడం అంటే అలిసిపోవడం.

రెండు నిమిషాల నుంచి అరగంటకు చేరడానికే ఎక్కువ రోజులు పడుతుంది. మొదటి అరగంట, ముప్పావుగంట ప్రశాంతంగా గడిపితే ఆ తర్వాత గంటకీ రెండు గంటలకీ వెళ్లడం కాస్త తేలిక. మొత్తంమీద వారాలు కాదు, నెలలు అనుకోండి. అప్పటికైనా రోజుకు తొమ్మిది, పది గంటలు ఏ కుక్కనీ ఒంటరిగా ఉంచకూడదు. మధ్యాహ్నం ఎవరో ఒకరు వచ్చి కిందికి తీసుకెళ్లాలి.

అసలు చిక్కు ఇక్కడుంది. శిక్షణ నడిచినన్నాళ్లు, దానికి తట్టుకోగలిగినంతసేపు తప్ప ఒంటరిగా వదలకూడదు. పొద్దున పది సెకన్లు ప్రాక్టీస్ చేసి, తొమ్మిదింటికి తాళం వేసి పోతే చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ రెండు మూడు నెలలు ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉంటారన్నది మీ ఇద్దరూ కాగితం మీద రాసుకోవాలి. ఇద్దరి ఆఫీసుల్లోనూ వారంలో ఇంటినుంచి చేసే రోజులుంటే అవి ఒకే రోజు పడకుండా అడగండి. మిగిలిన రోజులకు డే కేర్ ఉంది, లేదా పైఫ్లోర్‌లో కుక్కలంటే ఇష్టమున్న రిటైరైన దంపతులు ఎవరైనా ఉండొచ్చు. పనిమనిషి గంట ఎక్కువసేపు ఉంటే దానికి వేరే డబ్బివ్వండి. ఈ ఏర్పాట్లన్నీ మీరొక్కరే చేస్తున్నట్టయితే, మీ ఇంట్లో సమస్య పేరు చిట్టి కాదు. ఉద్యోగం మానేయాలా అని మీరు అడిగారు. తన ఉద్యోగం మానేయడం మీవారికి తోచిందా? తోచకపోతే ఆ మాట నెమ్మదిగా, కోపం లేనప్పుడు ఆయనతో అనాల్సిందే.

మామగారి సంగతి మీరు ఒక్క వాక్యంలో దాటేశారు. ఆఫీసులు తెరిచినప్పుడు చిట్టి ఏడవలేదు, ఆయన వెళ్లాక ఏడ్చింది. మీ ఇంట్లో దాని మనిషి ఆయనే. మాట పట్టింపు ఎవరిదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. కానీ ‘చిట్టి మీకోసం బెంగపెట్టుకుంది, కొన్నాళ్లు వచ్చి ఉండండి’ అని పిలవడానికి ఇది నిజమైన కారణం, పైగా ఎవరూ తగ్గినట్టు కనిపించని కారణం. ఆ ఫోన్ మీవారు చేస్తే ఇంకా బాగుంటుంది. ఆయన వచ్చినా శిక్షణ ఆపకండి, లేకపోతే ఆయన మళ్లీ వెళ్లిన రోజున కథ మొదటికొస్తుంది.

పొద్దున వాకింగ్‌లో బెల్టు పట్టి లాక్కుంటూ పరిగెత్తించకుండా, దారంతా వాసన చూడనివ్వండి. కుక్కకు అదే పేపర్ చదవడం. గట్టి రబ్బరు బొమ్మల్లో తిండి కూరే రకం దొరుకుతాయి. పెరుగన్నంలో ఉడికించిన చికెన్ కలిపి అందులో నింపి ఫ్రీజర్‌లో పెట్టి, ప్రాక్టీస్ టైమ్‌లో ఇవ్వండి. నాకడం ఆపేసి తలుపు చూస్తోందంటే భయం మొదలైందని మీకో గుర్తు. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ మాత్రం పెట్టొద్దు, అవి కుక్కలకు విషం. తోడుగా ఇంకో కుక్కని తెమ్మని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. చిట్టికి కావాల్సింది మనిషి కాబట్టి, ఎక్కువసార్లు ఏడ్చేవి రెండవుతాయి.

శిక్షణతో కదలకపోతే మందులున్నాయి. ఫ్లుఒక్సెటీన్, క్లోమిప్రమీన్ అనే మందులకు అమెరికాలో కుక్కల్లో సరిగ్గా ఈ భయానికే, శిక్షణతో కలిపి వాడమని, అనుమతి ఉంది. మత్తులో పడుకోబెట్టడానికి ఇచ్చేవి కావు. పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. డాక్టర్ చూసి, బరువును బట్టి డోసు రాయాలి. ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు సగం విరిచి వేయడం లాంటివి చేయకండి.

నోటీసుకు భయపడక్కర్లేదు. భారత జంతు సంక్షేమ మండలి 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, మెజారిటీ తీర్మానం చేసినా అసోసియేషన్ పెంపుడు కుక్కల్ని నిషేధించలేదు. అయితే ఆ కాగితం పట్టుకుని పక్కింటావిడ మీదికి వెళ్లకండి. రోజూ గంటల తరబడి ఆ ఏడుపు గోడ అవతల కూర్చుని వింటోంది ఆవిడ. అరిష్టమన్న మాటకు ఎదురు వాదించకుండా, ఏం చేస్తున్నారో చెప్పి, మీ నంబర్ ఇచ్చి, ఏడుపు వినిపిస్తే ఏ టైమ్‌కో మెసేజ్ పెట్టమనండి. మీకు ఉచితంగా ఒక రిపోర్టర్ దొరికినట్టే.

ఇవన్నీ మనసుపెట్టి చేశాక కూడా మీ ఇద్దరి టైమింగ్స్‌కి కుదరకపోతే, పగలంతా మనుషులుండే తెలిసిన ఇల్లు చూసి, నాలుగైదుసార్లు మీరే తీసుకెళ్లి అలవాటు చేసి ఇవ్వడంలో పాపమేమీ లేదు. ఆ నిర్ణయంలో పాప కూడా కూర్చోవాలి. తను స్కూల్‌కి వెళ్లొచ్చేసరికి కుక్క మాయమవడం మాత్రం జరగకూడదు.

పెళ్లికి ఇంకా నెల ఉంది. అప్పటికి చిట్టి రెండు రోజులు ఒంటరిగా ఉండేంత మారదు, ఆశ పెట్టుకోకండి. మామగారు పెళ్లికి రాకపోతే ఆయన దగ్గర, లేదా ఇంట్లోనే ఉంచుకుని చూసుకునే బోర్డింగ్ వాళ్ల దగ్గర పెట్టండి. రాత్రి దాని దగ్గర మనిషి పడుకుంటాడా, బోనులో వేసి తాళం వేస్తారా అని ముందే అడగండి. రేబిస్ టీకా, మిగతా టీకాలు రాసిన పుస్తకం చాలాచోట్ల అడుగుతారు, గడువు దాటిందేమో ఇవాళే చూసుకోండి. పెళ్లికి రెండు వారాల ముందు ఒక పూట, తర్వాత ఒక రాత్రి అక్కడ ఉంచి చూడండి. మీరు కప్పుకున్న దుప్పటి ఉతక్కుండా దానితో పంపండి.