యూరాలజీలో చేరి కిడ్నీ మార్పిడి సర్జన్ కావాలనుకుంటున్నాను. ఆ జీవితం ఎలా ఉంటుంది?

గుంటూరులో జనరల్ సర్జరీ పీజీ చివరి సంవత్సరంలో ఉన్నానని, ఎంసీహెచ్ (పీజీ తరువాతి సూపర్ స్పెషాలిటీ) యూరాలజీ తీసుకోవాలా వద్దా తేల్చుకోలేకపోతున్నానని రాశారు. విజయవాడలో చాలాకాలంగా ఇదే పనిలో ఉన్నవాడిగా నాకు తెలిసినంత చెబుతాను.

చదువు లెక్క మీకు తెలిసిందే. హౌస్ సర్జన్సీతో కలిపి ఎంబీబీఎస్ ఐదున్నరేళ్ళు, ఎంఎస్ 3, ఎంసీహెచ్ మరో 3. ప్రవేశ పరీక్షల కోసం ఆగిన కాలం దీనికి అదనం. మార్పిడి మీదే ఆశ పెట్టుకుని వచ్చేవారు ముందుగా గ్రహించవలసింది, మా రోజువారీ పనిలో అధిక భాగం కిడ్నీల్లో రాళ్ళూ, ప్రొస్టేట్ గ్రంథి సమస్యలూ అని. మన ఎండల్లో చెమటోడ్చి పనిచేస్తూ సరిపడా నీళ్ళు తాగనివారు నడుము పట్టుకుని వస్తుంటే వేసవిలో ఓపీ నిండిపోతుంది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఎ.కొండూరు తండాల వంటి చోట్ల నుంచి రెండు కిడ్నీలూ దెబ్బతిన్నాక వచ్చేవారి సంగతి వేరు. వారిని మొదట చూసేది, మార్పిడి తరువాత కొత్త కిడ్నీని శరీరం తిరస్కరించకుండా జీవితాంతం టాక్రోలిమస్ వంటి మందులతో కాపాడేది నెఫ్రాలజిస్టు, అంటే మందులతో వైద్యం చేసే కిడ్నీ డాక్టరు.

ఆపరేషన్ విషయానికి వస్తే, పాత కిడ్నీలను సాధారణంగా తీయము. పొత్తికడుపులో ఒక పక్కన కొత్తదాన్ని అమర్చి, ధమనిని, సిరను అక్కడి పెద్ద రక్తనాళాలకు కుట్టి, మూత్రనాళాన్ని మూత్రాశయానికి కలుపుతాము. సిర పొడవుగా ఉంటుంది కనుక, అన్నీ సరిగా ఉంటే దాత ఎడమ కిడ్నీనే ఎంచుకుంటాము. రక్తనాళాలకు బిగించిన క్లాంపులు వదలగానే పాలిపోయిన కిడ్నీ గులాబీ రంగుకు తిరిగి, మూత్రం చుక్క కనిపించే ఆ క్షణం ఇన్నేళ్ళయినా నాకు పాతబడలేదు.

అయితే ఈ వృత్తిలో అన్నిటికన్నా బరువైనది దాత శరీరంపై కత్తి పెట్టడం. మిగతా శస్త్రచికిత్సల్లో దాదాపు ఎప్పుడూ రోగి తన మేలు కోసమే బల్ల ఎక్కుతాడు. ఇక్కడ ఏ జబ్బూ లేని మనిషి ఎక్కుతుంది. 'ఎక్కుతుంది' అని ఊరికే అనలేదు, నేను చూసిన దాతల్లో తల్లులూ, భార్యలే ఎక్కువ. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో సర్జన్ జోసెఫ్ ముర్రే కవల సోదరుల మధ్య తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడి చేసేముందు, ఆయన బృందానికి ఎదురైన చిక్కు ప్రశ్న కూడా ఇదే. ఆ దాత రొనాల్డ్ హెరిక్ ఒక్క కిడ్నీతో 2010 వరకు, అంటే 56 ఏళ్ళు బతికారు. దాతలకు ధైర్యం చెప్పవలసి వచ్చినప్పుడు నేను ఈ మాటే చెబుతాను.

ధైర్యం చెప్పడానికి మాటలు దొరకని రోజూ ఒకటి ఉంది. పల్నాడు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి తన కొడుకుకు కిడ్నీ ఇచ్చింది. ఆపరేషన్ బాగానే జరిగింది. ఆ రాత్రి మాత్రం ఉన్నట్టుండి కొడుకుకు మూత్రం ఆగిపోయింది. వెంటనే తిరిగి తెరిచి చూస్తే సిరలో రక్తం గడ్డకట్టి కిడ్నీ నల్లబడి ఉంది, తీసివేయక తప్పలేదు. తెల్లవారి నేను వెళ్ళేసరికి పక్క వార్డులో ఆమె లేచి కూర్చోబోతూ, "బాబూ, మావాడికి ఎన్ని సీసీలు వచ్చింది?" అని అడిగింది. కిడ్నీ తీసేయవలసి వచ్చిందన్న మాట జూనియర్లతో చెప్పించకుండా నేనే కూర్చుని చెప్పాను. ఆమె చాలాసేపు నా చేయి వదలలేదు. ఆ అబ్బాయి మళ్ళీ డయాలసిస్‌కు వెళ్ళాడు, మరణించినవారి అవయవాలను కేటాయించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాము. ఆనాటి నుంచి నా రౌండ్స్ దాత మంచం దగ్గరే మొదలవుతాయి.

కౌన్సెలింగ్‌లో సీటు ఎంచుకునే ముందు, మార్పిళ్ళు జరిగే ఆసుపత్రిలో అనుమతి తీసుకుని ఒక కేసును మొదటి నుంచి చివరి వరకు చూడండి. థియేటర్‌తో సరిపెట్టుకోకుండా, ఆ రాత్రి ఐసీయూలో గంటగంటకూ మూత్రం కొలిచే సిస్టర్ పక్కన మేలుకుని ఉండండి, పొద్దున్నే వెళ్ళి దాతతో మాట్లాడండి. ఆ తరువాత కూడా మనసు అటే లాగుతుంటే నిస్సంకోచంగా రండి.