క్రిస్మస్ కాగితం అలంకరణలు ఆగస్టులోనే చేసి పెట్టుకోవచ్చా?

మీ ప్రశ్న చదివాక వెంటనే రాయాలనిపించింది. డిసెంబర్‌లో పిల్లల పరీక్షలు, ఆఫీసు, చర్చిలో క్యారల్స్ ప్రాక్టీసు అన్నీ ఒకేసారి మీద పడతాయి కాబట్టి ఇప్పుడే కాగితం పనులు మొదలుపెడదామని మీరు అనుకుంటున్నారు. వానలకి అవన్నీ ముడుచుకుపోతాయని మీ అత్తగారు అంటున్నారు. చేయొచ్చా, చేస్తే ఎలా దాచాలి అని అడిగారు.

చేయొచ్చండి. మాది బాపట్ల వైపు, సముద్రం దగ్గర. కాగితానికి ఇంతకన్నా కష్టమైన గాలి ఇంకోచోట ఉండదు. సండే స్కూల్ పిల్లలతో చాలా ఏళ్ళుగా నేను వానాకాలంలోనే ఈ పని మొదలుపెడుతున్నాను. అయితే మీ అత్తగారి మాట కొట్టిపారేయకండి. అన్నీ ముందుగా చేయకూడదు. బల్లపరుపుగా మడిచి పెట్టగలిగేవి, విడదీసి మళ్ళీ కూర్చుకోగలిగేవి మాత్రమే ముందు చేయాలి. ఉబ్బెత్తుగా నిలబడేవి, తడి జిగురుతో అంటించేవి, మెరుపుపొడి చల్లేవి నవంబర్ చివరికి వదిలేయాలి. ఈ తేడా పాటిస్తే మిగతా పనంతా తేలికే.

ఇందుకు నాకు నచ్చిన ఉదాహరణ జర్మనీలో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ళ నక్షత్రం. 1830ల్లో నీస్కీ అనే ఊళ్ళో వాళ్ళ బడి పిల్లలకు రేఖాగణితం నేర్పుతూ కాగితంతో చేయించిన నక్షత్రం అది. తర్వాత హెర్న్‌హుట్ అనే ఊళ్ళో వెర్బీక్ అనే పుస్తకాల వ్యాపారి దాన్ని విడదీసి మళ్ళీ కూర్చుకునేలా మార్చి అమ్మాడు. ఇప్పటికీ అందులో నాలుగు పలకల కోనులు 17, మూడు పలకల కోనులు 8 ఉంటాయి. పండగ అయిపోగానే విప్పి, ఒక కోనులో ఇంకో కోను దూర్చి పెట్టెలో పెట్టేస్తారు. మళ్ళీ అడ్వెంట్, అంటే క్రిస్మస్‌కి ముందు వచ్చే నాలుగు ఆదివారాల కాలం, మొదలయ్యే ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని బిగిస్తారు. అంత పెద్ద నక్షత్రం ఏడాదిలో ఎక్కువ నెలలు ఒక చిన్న పెట్టెలో ఇమిడిపోతుంది. ఏది చేయబోతున్నా, "ఇది విప్పితే ఎంత చోటు పడుతుంది?" అని ముందు అడుగుతాను. నా లెక్క అదే.

మన ఇళ్ళ మీద కట్టే అయిదు మూలల స్టార్‌కీ ఇదే పద్ధతి పనికొస్తుంది. ఇప్పుడు ప్లాస్టిక్ స్టార్లు బజార్లో కుప్పలుగా దొరుకుతున్నాయి కానీ, వెదురు బద్దలతో కట్టిన కాగితం స్టార్‌లో దీపం వెలిగితే వచ్చే మెత్తని వెలుగు వాటికి రాదు. దీనికి ఒకే పొడవున్న బద్దలు పది కావాలి. అయిదింటితో ఒక చట్రం, అయిదింటితో ఇంకోటి. మేదరవాళ్ళ దగ్గర ఎండిన వెదురే అడిగి తీసుకోండి. పచ్చి వెదురుకి దాచిపెట్టినప్పుడు పురుగు పట్టి, చట్రం కింద పిండి రాలుతుంది. కణుపులు మూలల దగ్గరికి రాకుండా చూసుకుని, బద్దలు ఒకదాన్ని ఒకటి దాటే ప్రతిచోటా నూలు దారంతో గట్టిగా కట్టండి. రెండు చట్రాలూ ఒకే కొలతకు వచ్చాయో లేదో ఒకదాని మీద ఒకటి పెట్టి చూసుకోండి. ఇక్కడికి ఆగస్టు పని అయిపోయినట్టే. వాటిని అలాగే బల్లపరుపుగా బీరువా వెనక నిలబెట్టండి. రెండు చట్రాల మూలలు కలిపి కట్టడం, లోపల అయిదుచోట్ల చిన్న పుల్లలు అడ్డం పెట్టి పొట్ట తెప్పించడం, కాగితం అంటించడం నవంబర్ చివరి వారంలో చేయాలి.

కాగితం మాత్రం ముందే కత్తిరించి పెట్టుకోవచ్చు. గాలిపటాల కాగితం తీసుకోండి. చార్ట్ లోంచి వెలుతురు రాదు. చట్రం మీద పాత క్యాలెండర్ షీటు పరిచి ఒక మూలకి అచ్చు తీసుకుంటే, అదే అచ్చుతో అన్ని ముక్కలూ కోసుకోవచ్చు. అంటించడానికి చుట్టూ వేలెడు అంచు వదలండి. లోపల పెట్టేది తక్కువ వాట్ల ఎల్ఈడీ బల్బే అయి ఉండాలి. వేడెక్కే పాత రకం బల్బు కాగితం స్టార్‌లో వద్దే వద్దు. స్టార్‌ని వరండా స్లాబు కింద కట్టండి, డిసెంబర్ మంచుకి పల్చటి కాగితం రాత్రికి రాత్రే జారిపోతుంది.

ఇక వానల విషయం. మన కోస్తాకి అక్టోబర్, నవంబర్‌లలో ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వాయుగుండాలు. మీరు హైదరాబాద్‌లో ఉన్నా ఆగస్టు, సెప్టెంబర్‌లలో గాలిలో తేమ తక్కువేం కాదు. కాగితం తేమని పీలుస్తుంది, ఉబ్బుతుంది, ఎండాక మళ్ళీ కుదించుకుంటుంది. రెండు రకాల కాగితాలు కలిపి అంటిస్తే ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సాగి మొత్తం వంకర తిరుగుతుంది. మీ అత్తగారు చూసినది ఇదే అయి ఉంటుంది. అందుకే ముందుగా చేసేవాటిలో జిగురు ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

మైదా జిగురు నాకు ఇష్టమే, వెదురు చట్రానికి దానంత బాగా అంటేది లేదు. కానీ అది నెలల తరబడి దాచే వస్తువులకు కాదు. బొద్దింకలు, పుస్తకాల పురుగులు ఆ పిండి కోసమే వచ్చి కాగితం కొరికేస్తాయి. మా పెద్దవాళ్ళు మైలుతుత్తం కలిపేవాళ్ళు, అది విషం. పిల్లలు చేతులు పెట్టే పనిలో అసలు వద్దు. పల్చటి కాగితానికి గ్లూ స్టిక్, మందపాటిదానికి పల్చగా రాసిన ఫెవికాల్ చాలు. అంటించాక రాత్రంతా లావు పుస్తకాల కింద పెట్టాలి. సెలోటేపు వాడకండి, పసుపురంగు తిరిగి బంక కారుతుంది. స్టేప్లర్ పిన్ను తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చ వేస్తుంది. కట్టలు కట్టడానికి రబ్బరు బ్యాండు కాకుండా దారం వాడండి, రబ్బరు కరిగి కాగితానికి అతుక్కుంటుంది.

ముందుగా చేయడానికి నేను మొదట చెప్పేది కాగితం కవర్ల స్టార్. మందుల షాపుల్లో వాడే చిన్న కాగితం కవర్లు ఒకే సైజువి ఎనిమిది తీసుకోండి. ఒక కవరు మీద అడుగు అంచు వెంట ఒక గీత, మధ్యలో నిలువుగా ఒక గీత జిగురు రాసి, రెండోది సరిగ్గా దాని మీద అంటించండి. అలా ఎనిమిదీ ఒకే దిక్కుగా ఒకదాని మీద ఒకటి. ఆరాక, తెరిచి ఉన్న పై అంచుని బాణం మొనలా కోసి, పక్కల చిన్న గాట్లు పెట్టండి. అంతే, తెరవకండి. మొత్తం కలిపి ఒక నోటు పుస్తకమంత మందం ఉంటుంది. డిసెంబర్‌లో విసనకర్రలా విప్పి, చివరి కవరుని మొదటిదానికి అంటిస్తే గుండ్రంగా పెద్ద స్టార్ వస్తుంది. దాన్ని విప్పే క్షణంలో పిల్లల మొహాలు చూడాలండి. ఎన్నిసార్లు చూసినా నాకు ఆ సంతోషం తగ్గలేదు.

రెండోది డెన్మార్క్‌వాళ్ళ అల్లిక హృదయం. రెండు రంగుల నున్నటి కాగితాలు మడిచి, పాయలుగా కోసి, ఒకదాన్లో ఒకటి అల్లితే చిన్న సంచిలా వస్తుంది. పిల్లల కథల రచయిత హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1860లో చేసినది ఇప్పటికీ భద్రంగా ఉంది. జిగురు చుక్క కూడా అక్కర్లేదు, పైన పట్టీకి తప్ప. పాయల పొడవు కాగితం వెడల్పు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కోయండి, లేకపోతే చివరి పాయ దగ్గర బిగుసుకుపోయి చిరుగుతుంది. పుస్తకంలో పెట్టి దాచుకుని, డిసెంబర్‌లో లోపల చాక్లెట్లు వేసి క్యారల్స్‌కి వచ్చిన పిల్లలకి ఇవ్వొచ్చు. మా దగ్గర అందరికన్నా ముందు ఇవే ఖాళీ అవుతాయి.

ఓపిక ఉన్న పెద్ద పిల్లలకైతే ఫ్రోబెల్ స్టార్. కిండర్‌గార్టెన్ బడులకు ఆద్యుడైన ఫ్రోబెల్ పేరు మీదుగా వచ్చింది. నాలుగు పట్టీలు మడిచి అల్లితే పదహారు మొనలు లేస్తాయి. పట్టీ పొడవు వెడల్పుకి దాదాపు ముప్పై రెట్లు ఉండాలి, కాబట్టి ఏ4 కాగితాన్ని నిలువుగా సెంటీమీటరు వెడల్పున కోస్తే కొలత చక్కగా కుదురుతుంది. ఒక కాగితానికి 21 పట్టీలు, అంటే అయిదు స్టార్లు. ఇది ఉబ్బెత్తుగా ఉన్నా గట్టిది, స్వీట్ల డబ్బాలో వేసినా నలగదు. కుదరకపోతే పట్టీలు మాత్రం కోసి కట్ట కట్టి ఉంచండి.

ఏది మడిచినా ముందు కాగితం వాలు చూడండి. కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచితే ఒకవైపు సులువుగా వంగుతుంది. ఆ వైపు మడిస్తే మడత శుభ్రంగా వస్తుంది. రెండో వైపు మడిస్తే చార్ట్ మీద రంగు పగిలి తెల్లటి గీత పడుతుంది. మందపాటి కాగితమైతే ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీత గీసి అప్పుడు మడవండి.

డబ్బులు పోసి అన్నీ కొనక్కర్లేదు కూడా. ఆగస్టు వచ్చేసరికి గోడ క్యాలెండర్‌లో ఏడు షీట్లు అయిపోయి ఉంటాయి. ఒకవైపే అచ్చున్నవైతే వెనక తెలుపు అచ్చులు తీసుకోవడానికి బాగుంటుంది. శ్రావణంలో పెళ్ళిళ్ళ కార్డులు ఎలాగూ వస్తాయి. దేవుడి బొమ్మలు, పసుపు రాసిన అంచులు మర్యాదగా పక్కన పెట్టి, బంగారురంగు ఖాళీ భాగాలు వాడుకుంటే గ్రీటింగ్ కార్డుల మీద చిన్న స్టార్లకి అంతకన్నా మంచి కాగితం షాపులో కూడా దొరకదు.

తెలుగు అక్షరాల తోరణం కూడా చేయండి, దయచేసి. అందరూ ఇంగ్లీషులోనే కోస్తారు. మన అక్షరాలు కోయడం కష్టమని భయపడతారు కానీ కిటుకు చిన్నదే. ఒక్కో అక్షరానికి ఒక్కో జెండా ముక్క: క్రి, స్మ, స్. అప్పుడు పదం మూడు జెండాల్లో అయిపోతుంది. కోసే ముందు అక్షరాన్ని లావుగా గీసి, కింద ఒత్తు పైదానికి తగిలేలా, తలకట్టు, గుడి అక్షరంలో కలిసిపోయేలా పెన్సిల్‌తో సరిచేయండి. విడిగా ఉన్న ముక్క ఏదైనా కోస్తే రాలిపోతుంది, తర్వాత వెతుక్కుంటూ కూర్చోవాలి. ముందు కాగితం మీద అచ్చు కోసి, దాన్ని ఏళ్ళ తరబడి దాచుకోవచ్చు. "శుభాకాంక్షలు"లో క్షకి మాత్రం కాస్త ఓపిక పట్టాలి.

కార్డుల గురించి రెండు మాటలు. ఏ4ని సగానికి కోసి, ఒక్కో సగాన్ని మడిస్తే ఏ6 కార్డు వస్తుంది. దానికి సీ6 కవరు సరిపోతుంది. కార్డు మీద బొమ్మలు, అంటింపులు ఇప్పుడే చేయండి, లోపలి రాత మాత్రం డిసెంబర్‌లో రాయండి. జెల్‌పెన్ను ఇంకు తేమకి ఎదుటి పేజీకి అంటుతుంది. అదీగాక ఆగస్టులో రాసిన మాటల్లో పండగ ఉండదు. విదేశాల్లో చుట్టాలుంటే వాళ్ళవి మాత్రం నవంబర్ మొదట్లోనే రాసి పోస్టు చేయండి.

దాచే పని ఎండ కాసిన రోజున పెట్టుకోండి. ముసురులో మూత బిగిస్తే తేమని కూడా లోపల పెట్టి మూసినట్టే. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా గానీ ట్రంకు పెట్టె గానీ మంచిది, అట్టపెట్టెకి చెద పడుతుంది. చెప్పుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా అడుగున వేయండి. పొరకీ పొరకీ మధ్య తెల్ల కాగితం పెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు, ఇంకు అంటుతుంది. క్రేప్ కాగితాన్ని ఎప్పుడూ విడిగా కవర్లో ఉంచండి. ఎర్ర క్రేపుకి కాస్త చెమ్మ తగిలితే పక్కనున్న తెల్ల కాగితమంతా గులాబీ మరకలే. బరువైనవి కింద, పల్చటివి పైన. డబ్బా మీద లోపలేముందో రాసిపెట్టండి. వానలు తెరిపిచ్చినప్పుడు ఒకసారి మూత తీసి గాలి తగలనివ్వండి.

పిల్లలతో కూర్చున్నప్పుడు ఒకరోజు కోతలు, ఇంకోరోజు మడతలు అని విడగొట్టండి. అన్నీ ఒకేరోజు మొదలుపెడితే బల్లంతా ముక్కలతో నిండి మీకే టెన్షన్. పెద్ద పని దసరా సెలవులకి ఉంచండి. వాళ్ళకి విసుగు రాగానే ఆపేయండి, మిగిలింది మీరు చేయకండి. వాళ్ళ చేతి వంకరతోనే ఉండాలి అవి.

రంగు కాగితం రింగుల గొలుసు మాత్రం ముందుగా చేయొద్దు. దాస్తే నలుగుతుందన్నది ఒక కారణం. అసలు కారణం వేరే. డిసెంబర్ 24 సాయంత్రం ఇల్లంతా పిండివంటల వాసన, అందరూ ఒకచోట చేరతారు. ఆ పూట పిల్లల చేతులకి ఏదో ఒక పని ఉండాలి. పట్టీలు కోసి, జిగురు పక్కన పెట్టి, వాళ్ళకి వదిలేయండి. మీ అత్తగారిని కూడా వాళ్ళ పక్కన కూర్చోబెట్టండి. ఆవిడ చిన్నప్పుడు స్టార్ ఎలా కట్టేవారో అప్పుడు అడిగితే, నేను రాసిన దానికన్నా మంచి కిటుకులు బయటికి రావచ్చు.