నాన్న మళ్ళీ నోట్‌బుక్కే తీశాడు, నాకు ప్రొడక్ట్ డిజైన్ సెట్ అవుతుందా?

ప్రశ్న: సార్, నేను బీటెక్ ఈసీఈ థర్డ్ ఇయర్. జనగామ దగ్గర మా నాన్నకి కిరాణా షాపు ఉంది. ఉద్దెర లెక్కలకి రెండు నెలలు కూర్చుని యాప్ చేసిచ్చా, మూడు రోజులు వాడి మళ్ళీ నోట్‌బుక్కే తీశాడు. ప్రొడక్ట్ డిజైన్ వైపు వెళ్దామనుకున్నా, ఇప్పుడు డౌటొస్తోంది.

జవాబు: తమ్ముడూ, చాలామంది ప్రాజెక్ట్ డెమో ఇచ్చి మార్కులు పడగానే మూసేస్తారు, దాన్ని ఎవరైనా వాడారా అని కూడా చూడరు, నువ్వు చూశావ్. కానీ సగమే చూశావ్. నాన్న ఎందుకు వదిలేశాడో నువ్వు రాసినదాంట్లో ఎక్కడా లేదు. అడిగినా "మంచిగనే ఉంది బిడ్డా, నాకే చాతకాదు" అనే అంటాడు, కొడుకు చేసినదాన్ని బాలేదని ఏ తండ్రి అంటాడు చెప్పు. అందుకే అడగొద్దు, చూడు.

సాయంత్రం గిరాకీ ఉన్న టైంలో కౌంటర్ పక్కన స్టూల్ వేసుకుని కూర్చో. నోరు మాత్రం తెరవకు, "అది కాదు నాన్నా, పైన బటన్ నొక్కు" అన్నావంటే టెస్ట్ అక్కడితో అయిపోయినట్టే. నూనె పోసిన చేత్తో స్క్రీన్ పనిచేస్తోందా, నలుగురు నిలబడి ఉంటే ఫోన్ లాక్ తీసే తీరిక ఉందా, పేర్లు ఎట్లా రాసుకుంటున్నాడు... నేను చూసిన ఒక ఖాతా పుస్తకంలో "పాలామె కోడలు", "వేపచెట్టు ఇల్లు" అని ఉండేవి, ఆ షాపుకి చేసిన యాప్ ఏమో ఫోన్ నంబర్ కొట్టకపోతే కొత్త పేరే తీసుకోదు, ఇంక ఎవరు వాడతారు?

కనిపించినవాటిలో పెద్ద అడ్డంకి ఒకటి సరిచేసి మళ్ళీ ఇవ్వు, మళ్ళీ కూర్చో. పక్క షాపులవాళ్ళని కూడా పట్టుకో, ఎక్కువమంది అక్కర్లేదు. పదిహేను మందితో ఒకేసారి చేసే బదులు ఐదుగురితో చేసి, మార్చి, ఇంకో ఐదుగురితో చేయడం మేలని, వాడేవాళ్ళతో టెస్టులు చేయడంలో పేరున్న నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశారు.

మన ఆలేరు చింతకింది మల్లేశం గారు తెలుసు కదా. పోచంపల్లి చీరకి ఆసు పోస్తూ, అంటే నేసేముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పుతూ, రోజుకి వేలసార్లు చెయ్యి తిప్పి తిప్పి వాళ్ళమ్మ లక్ష్మి గారికి భుజాలు పడిపోయేవి, అది చూడలేక ఆయన 1992లో ఆసు మెషిన్ మొదలుపెడితే చేతికొచ్చింది 1999లో. ఏడేళ్ళు! దారం తిరిగే కదలికలు ఒక్కోటీ సాధించుకుంటూ, ఆగిన చోట మళ్ళీ మొదలెట్టుకుంటూ వచ్చారు. 2017లో పద్మశ్రీ వచ్చింది సరే, నాకు మాత్రం పెద్ద విషయం అనిపించేది ఎవరికోసం చేస్తున్నారో ఆ మనిషి ఇంట్లోనే కళ్ళముందు ఉండటం. నీకు నాన్న ఉన్నాడు.

కెరీర్ సంగతికొస్తే, ఎండెస్ (డిజైన్‌లో మాస్టర్స్) చేయాలంటే సీడ్ (CEED) అనే ఎంట్రన్స్ ఎగ్జామ్ ఉంది, ఐఐటీ బాంబే పెడుతుంది, బీటెక్ ఫైనలియర్‌లోనే రాయొచ్చు, మన ఐఐటీ హైదరాబాద్‌లో కూడా డిజైన్ డిపార్ట్‌మెంట్ ఉంది. నువ్వు ఈసీఈ కాబట్టి యాప్ వదిలేసి నాలుగు బటన్ల డబ్బా చేస్తే నాన్నకి ఈజీ అనిపిస్తే హైదరాబాద్ రాయదుర్గంలో టీ-వర్క్స్ ఉంది, ప్రోటోటైప్‌లు (మొదటి నమూనాలు) చేసుకోడానికే 2023లో తెరిచారు. పోర్ట్‌ఫోలియోలో మాత్రం అందంగా ఉన్న లాస్ట్ స్క్రీన్లొక్కటే పెట్టకు, నాన్న వదిలేసిన ఫస్ట్ వర్షన్ కూడా పెట్టు, ఏం చూసి ఏం మార్చావో రాయి, ఇంటర్వ్యూలో అడిగేది దాని గురించే.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు ముందు ఆ నోట్‌బుక్ పేజీలు ఫోటో తీసుకో. నాన్నని అడిగే తీసుకో, ఎవరికి చూపించినా పేర్లు కొట్టేసి చూపించు, అవి ఊళ్ళోవాళ్ళ అప్పులు.